‘ఉఫ్’ అనకపోవడం కూడా నేర్చుకోవలసిన విద్యే
మతిమరుపు వ్యాధిగ్రస్తులకు సేవచేస్తున్న కుటుంబాల కోసం

బనీ ఇస్రాయీల్ సూరాలోని 23వ ఆయతును మేము ఇరవై ఎనిమిదేళ్లుగా విద్యార్థులకు బోధిస్తున్నాము. వృద్ధాప్యానికి చేరిన తల్లిదండ్రుల ఎదుట విసుగుతో ‘ఉఫ్’ అని కూడా అనరాదని, వారిని కసరుకోరాదని, మర్యాదగా మాట్లాడాలని అల్లాహ్ అందులో ఆదేశించాడు. ఆ ఒక్క మాటకు వ్యాఖ్యాతలు చెప్పిన అర్థాలను వివరించి, పిల్లలచేత కంఠస్థం చేయించి, ఇంటికి వచ్చి నిశ్చింతగా భోజనానికి కూర్చునేవారము.

నాలుగేళ్ల క్రితం ఒక రాత్రి, ఇషా నమాజు తర్వాత, మా అమ్మీ “మీ అబ్బా ఇంకా రాలేదేమిటి?” అని అడిగారు. మా అబ్బాజాన్ అల్లాహ్ సన్నిధికి చేరి అప్పటికి పదకొండేళ్లయింది. ఆ సంగతే చెప్పాము. అమ్మీ ఏడ్చారు. కాసేపటికి మళ్లీ అదే అడిగారు. మళ్లీ చెప్పాము, మళ్లీ అప్పుడే విన్నట్లు ఏడ్చారు. ఏడవసారి మా నోటివెంట వచ్చింది ‘ఉఫ్’ కాదు. అంతకంటే చాలా పెద్ద మాట, వీధిలోకి వినిపించేంత గొంతుతో. అమ్మీ బెదిరిపోయి గోడకు ఒదిగారు.

అప్పుడు వంటింట్లోంచి మా ఇల్లాలు వచ్చింది. చాటలో రెండు దోసిళ్ల బియ్యం పోసి అమ్మీ ముందు పెట్టి, “అమ్మీ, రాళ్లున్నాయేమో కాస్త చూసిపెట్టండి, నా కళ్లకు ఆనడం లేదు” అంది. అమ్మీ కళ్లు తుడుచుకుని చాట ఒళ్లోకి తీసుకున్నారు. పావుగంటలో ఆ ప్రశ్నా లేదు, ఆ ఏడుపూ లేదు.

మరునాడు అదే ఆయతు పాఠంగా వచ్చింది. మా నాలుక తడబడింది. ఆయతు అర్థం తెలిసిన మాకు చేతకానిది, దాని తఫ్సీరు చదవని మా ఇల్లాలికి ఎలా చేతనయింది? ఆ ప్రశ్న నుండి పుట్టినదే ఈ వ్యాసం. మా వంటి ఇళ్లు విజయవాడలోనూ, బందరు, గుడివాడ, పెడన ప్రాంతాలలోనూ చాలా ఉన్నాయని ఈ నాలుగేళ్లలో తెలిసింది. వారికి ఒక్కరికైనా ఉపయోగపడితే మా సిగ్గును ఇలా బయటపెట్టుకోవడం వృథా కాదు.

ఇది వయసు కాదు, వ్యాధి

కొందరిని అల్లాహ్ అతి నికృష్టమైన వయోదశకు చేరుస్తాడని, అన్నీ తెలిసిన మనిషి అప్పుడు ఏమీ తెలియని స్థితికి వస్తాడని దివ్య ఖుర్ఆన్ నహ్ల్ సూరాలోనూ, హజ్ సూరాలోనూ ప్రస్తావించింది. ఆ దశకు చేరకుండా కాపాడమని దైవప్రవక్త (స) అల్లాహ్ శరణు వేడేవారని, సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) ఆ దుఆను తమ కుమారులకు నేర్పేవారని బుఖారీ గ్రంథంలో ఉంది. అంటే ఈ పరీక్ష కొత్తది కాదు. ఏ ఇంటి పాపానికో శిక్ష అంతకంటే కాదు.

వైద్యులు దీనిని డిమెన్షియా అంటారు. ఇది ఒకే జబ్బు కాదు, మెదడు కణాలు క్షీణించే పలు వ్యాధుల ఉమ్మడి పేరు. వాటిలో అందరికంటే ఎక్కువమందిలో కనిపించే అల్జీమర్స్‌ను 1906లో జర్మన్ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ తొలిసారి వివరించాడు. 2023లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం ప్రకారం మన దేశంలో 60 ఏళ్లు దాటిన వారిలో 7.4 శాతం మంది, అంటే సుమారు 88 లక్షల మంది, ఈ స్థితిలో ఉన్నారు. వారిలో అత్యధికులు ఆసుపత్రులలో లేరు. ఇళ్లలో ఉన్నారు, కోడళ్ల చేతులలో, కూతుళ్ల చేతులలో, ముసలి భార్యల చేతులలో ఉన్నారు.

మతిమరుపు కనిపించగానే తావీజు కట్టించి, గాలి సోకిందనుకొని నెలలు గడిపే కుటుంబాలను మేము చూశాము. ఖుర్ఆన్ పఠించి దుఆ చేయడం మన హక్కు, మన బలం. అయితే వైద్యం చేయించుకోవాలని చెప్పినది కూడా ఆ ప్రవక్తయే (స). వృద్ధాప్యానికి తప్ప ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు సృష్టించాడన్నారు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ లోపం, మనోవ్యాకులత, కొన్ని మందుల ప్రభావం కూడా మతిమరుపుగా కనిపిస్తాయి. వాటికి చికిత్స ఉంది. రెండు మూడు రోజులలోనే మనిషి అయోమయంలో పడితే అది మూత్రంలో ఇన్ఫెక్షన్ వంటిది కావచ్చు, ఆలస్యం చేయరాదు. కనుక మొదటి అడుగు నరాల వైద్యుని వద్దకో, మానసిక వైద్యుని వద్దకో వేయాలి. వ్యాధి పేరు తెలిసిన రోజున ఇంటివారికి దుఃఖంతోపాటు ఒక ఊరట కూడా కలుగుతుంది. అమ్మీ మొండితనం చేయడం లేదు, అమ్మీకి జబ్బు చేసింది. మాకు ఆ ఒక్క వాక్యం అర్థమవడానికి ఏడాది పట్టింది.

ధైర్యం ఎక్కడి నుండి వస్తుంది?

పరామర్శకు వచ్చినవారందరూ “సబర్ చేయండి” అని చెప్పి వెళతారు. మేమూ ఎందరికో అలాగే చెప్పాము. కాని హిఫ్జ్ తరగతిలో ఒక్క పుట కంఠస్థం చేయలేక ఏడుస్తున్న పిల్లవానికి “సబర్ చెయ్యి” అని ఏ ఉస్తాదూ ఊరుకోడు. పుట పక్కన పెట్టి మూడు పంక్తుల సబఖ్ ఇస్తాడు. అవి వచ్చాక మరో మూడు. పక్కన తనలాంటి పిల్లవాడు అప్పజెబుతుంటే వినమంటాడు. “నీకు వస్తుంది” అని వీపు తడతాడు. నిద్ర లేకుండా వచ్చిన పిల్లవానిని ఆ రోజుకు వదిలేస్తాడు.

చిత్రమేమిటంటే, ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో మనిషికి తన శక్తిపై నమ్మకం ఎలా కలుగుతుందో వివరిస్తూ చెప్పినవి కూడా ఈ నాలుగే. స్వయంగా సాధించిన చిన్న విజయం, తనలాంటి వారు సాధించగా చూడటం, నమ్మదగినవారి ప్రోత్సాహం, తన దేహమూ మనసూ కుదుటగా ఉండటం. డిమెన్షియా రోగుల సేవకులకు అవసరమైన నమ్మకం మూడు విషయాలలో ఉండాలని తర్వాతి పరిశోధకులు గుర్తించారు. కష్టమైన ప్రవర్తన ఎదురైనప్పుడు తట్టుకోగలననే నమ్మకం, తనలో లేచే కలత ఆలోచనలను అదుపు చేసుకోగలననే నమ్మకం, విశ్రాంతి కోసం ఇతరుల సహాయం అడగగలననే నమ్మకం. ఈ మూడింటిలో మేము చివరిదానిలో మరీ వెనుకబడ్డాము. ఆ సంగతి తర్వాత చెబుతాము.

మూడు పంక్తుల సబఖ్

ఇంట్లో పది సమస్యలుంటే పదింటినీ ఒకేసారి చక్కదిద్దబోతే ఒక్కటీ చక్కబడదు. ఒకదానిని ఎంచుకోవాలి. మా ఇంట మొదటిది స్నానం. అమ్మీ స్నానానికి రానని పెనుగులాడేవారు. ముగ్గురం కలిసి బలవంతంగా తీసుకువెళ్లిన రోజున ఆమె మా చెయ్యి కొరికారు. వారం రోజులు గమనిస్తే మా ఇల్లాలికి రెండు సంగతులు తెలిశాయి. తలమీద నీళ్లు పడగానే అమ్మీ భయపడుతున్నారు. వుజూ చేద్దామంటే మాత్రం ఎప్పుడూ కాదనడం లేదు.

అప్పటి నుండి అస్ర్ అజాన్ కాగానే పీట వేసి, గోరువెచ్చని నీళ్లు పెట్టి, “బిస్మిల్లాహ్, వుజూ చేద్దామా అమ్మీ?” అనడం మొదలుపెట్టాము. చేతులు, నోరు, ముఖం, మోచేతులు, పాదాలు. పాదాల నుండి మోకాళ్లకు, అక్కడి నుండి మెల్లగా పైకి. ఒంటిమీద ఒక తువ్వాలు ఎప్పుడూ కప్పి ఉంచుతాము. లజ్జ మతితోపాటు పోదు. తల స్నానం వారానికి ఒక్కసారి, అదీ తడిగుడ్డతో. అరవై ఏళ్లు రోజుకు ఐదుసార్లు చేసిన పని చేతులలో దాగి ఉంటుంది, జ్ఞాపకం చెదిరినా చేతులు మరచిపోవు. బియ్యం ఏరడం, జపమాల తిప్పడం, దుప్పటి మడతపెట్టడం కూడా అటువంటివే. మీ ఇంటి పెద్దలకు అలా చేతులలో నిలిచిన పని ఏదో వెతకండి. దర్జీ పనిచేసిన వ్యక్తికి గుడ్డముక్క, పెడనలో కలంకారీ అద్దిన వ్యక్తికి చెక్క అచ్చు ఇచ్చి చూడండి.

నమాజు విషయంలోనూ ఒక మాట. అమ్మీ రెండు రకాతుల నమాజులో ఐదు సజ్దాలు చేస్తారు, ఒక్కోసారి మధ్యలో లేచి వెళ్లిపోతారు. మొదట్లో మేము పక్కన నిలబడి తప్పులు దిద్దేవారము. మతి కోల్పోయినవాని విషయంలో కలం ఎత్తివేయబడిందని దైవప్రవక్త (స) చెప్పారన్న హదీసును మేము ఫిఖహ్ తరగతిలో చెబుతూనే ఉన్నాము, ఇంట్లో మాత్రం అమ్మీ రకాతులు లెక్కపెడుతున్నాము. ఇప్పుడు దిద్దడం మానుకున్నాము. ఆమెకు అందులో ప్రశాంతత ఉంది, అది చాలు. బుద్ధి ఎంతవరకు నిలిచి ఉందో బట్టి నమాజు, ఉపవాసాల ఆదేశాలు మారుతాయి కనుక మీ ఇంటి పరిస్థితిని వివరంగా చెప్పి మీ ప్రాంతపు ఉలమాను అడగండి.

అబద్ధం ఆడకుండా ఓదార్చడం

“ఇంటికి పోదాం” అని అమ్మీ సాయంత్రం కాగానే బుర్ఖా అందుకుంటారు. ఆమె కూర్చున్నది స్వంత ఇంట్లోనే. ఆమె అడుగుతున్నది బందరులో తాను పుట్టిన ఇల్లు. అది లేకుండాపోయి చాలాకాలమైంది. “ఇదే నీ ఇల్లు” అని వాదిస్తే ఆమె కోపం పెరుగుతుంది. “రేపు తీసుకువెళతాను” అంటే అబద్ధమవుతుంది. ఈ సందిగ్ధం మా వంటి వారికి చిన్నది కాదు.

అబద్ధానికి పోకుండా తప్పుకునే మార్గం మాటల చాతుర్యంలో ఉందని ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి) నుండి ఉల్లేఖితమైన భావాన్ని మేము ఈ సందర్భంలో ఆశ్రయించాము. “బందరు ఇంట్లో బావి ఎక్కడుండేది అమ్మీ?” అని అడుగుతాము. బావి, దాని పక్క జామచెట్టు, నానమ్మ కోళ్లు, అన్నీ వస్తాయి. అబ్బాజాన్ గురించి అడిగితే మరణవార్త ప్రతిసారీ వినిపించి ప్రతిసారీ ఆమెను కొత్తగా విధవను చేయనక్కరలేదు. “అబ్బా గుర్తుకొస్తున్నారా? పండుగకు మీకు ఏ రంగు చీర తెచ్చేవారు?” అంటే చాలు. ఆ ప్రశ్నలో అబద్ధమేమీ లేదు. ఆమె అడిగిన మాట వెనుక ఉన్నది సమాచారం కోసం తపన కాదు, మనిషి కోసం తపన. దానికి బదులివ్వాలి.

ఏ భాషలో మాట్లాడుతున్నామన్నది కూడా ముఖ్యమే. అమ్మీ ఇరుగుపొరుగుతో జీవితమంతా చక్కని తెలుగు మాట్లాడారు. ఇప్పుడు ఆ తెలుగు జారిపోతోంది, చిన్ననాటి ఉర్దూ నిలిచింది. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రచురించిన ఫలితం ఇక్కడ చెప్పదగినది. ఒకే భాష వచ్చినవారి కంటే రెండు లేక అంతకుమించి భాషలు వచ్చినవారిలో ఈ వ్యాధి సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా మొదలైందట. బడి ముఖం చూడనివారిలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట ఉర్దూ, వీధిలో తెలుగు మాట్లాడే మన కుటుంబాలకు ఇదొక వరం. పిల్లలకు రెండూ నేర్పండి.

తలుపు గడియ, వీధి కన్ను

కృష్ణా డెల్టాలో ఇంటి నుండి తప్పిపోయిన వృద్ధులకు పొంచి ఉన్న ప్రమాదం కాలువ. విజయవాడ నగరం మధ్య నుండే బందరు, ఏలూరు, రైవస్ కాలువలు పారుతున్నాయి. పల్లెలలో ఇంటి వెనుకనే పంట కాలువ ఉంటుంది. ఒకరోజు ఫజ్ర్ వేళ మేము మస్జిదుకు వెళ్తూ తలుపు దగ్గరగా వేసి వెళ్లాము. అమ్మీ మా వెనుకే బయలుదేరారు. సలాం తిప్పేసరికి ఒక ఆటో సోదరుడు ఆమెను కాలువ గట్టు మీది నుండి తీసుకువచ్చి మస్జిదు మెట్ల వద్ద కూర్చోబెట్టాడు. ఆమె ఎవరో అతనికి తెలియదు. “ముసలమ్మ మస్జిదు, మస్జిదు అంటుంటే తెచ్చాను” అన్నాడు. అతని పేరు హనుమంతరావు అని తర్వాత తెలిసింది. అల్లాహ్ అతనికి మేలు చేయుగాక.

ఆనాటి వరకు అమ్మీ జబ్బు సంగతి వీధిలో ఎవరికీ చెప్పలేదు. మౌల్వీగారి తల్లికి మతి లేదంటారన్న సిగ్గు. ఆ సిగ్గే అమ్మీని కాలువ గట్టు దాకా నడిపించింది. ఆ రోజే టీ కొట్టువారికి, ముఅజ్జిన్‌గారికి, ఆటో స్టాండువారికి, ఎదురింటి అక్కగారికి విషయం చెప్పి మా ఫోను నంబరు ఇచ్చాము. అమ్మీ బట్టల లోపలివైపు నంబరు కుట్టించాము. తలుపుకు పైన, ఆమె చూపు పోనిచోట, రెండవ గడియ పెట్టాము. లోపల ఎవరూ లేకుండా ఆమెను తాళంవేసి వెళ్లడం మాత్రం చేయరాదు. అగ్నిప్రమాదమో వరదో వస్తే ఆ గదే సమాధి అవుతుంది.

వరద అన్నది మాటవరసకు కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు మా విద్యార్థి ఒకడి నానమ్మను పడవలో తీసుకురావలసి వచ్చింది. ఆమెకూ ఇదే వ్యాధి. పడవ ఎక్కనని కేకలు వేస్తుంటే మనవడు ఆమె పాత దుప్పటిని తలమీదుగా కప్పి, ఆమెకు ఇష్టమైన నఅత్ పాడుతూ ఎక్కించాడు. పదిహేనేళ్ల పిల్లవాడు. మందుల చీటీ, వారం రోజుల మందులు, ఒక జత బట్టలు, ఆమెకు అలవాటైన ఒక వస్తువు, ఇవన్నీ ఒక సంచిలో సిద్ధంగా ఉంచుకోవాలని ఆ పిల్లవానిని చూసి నేర్చుకున్నాము.

సేవ ఎవరి బాధ్యత?

ఇక మేము వాయిదా వేసిన మాట. అమ్మీ సేవ మా ఇంట జరుగుతోందని అందరూ మమ్మల్ని మెచ్చుకునేవారు. చేస్తున్నది మా ఇల్లాలు. అత్తమామల సేవ కోడలిపై షరీఅతు విధించిన విధి కాదని, ఆమె చేస్తే అది ఆమె ఇహ్సాన్ అని, తల్లిదండ్రుల హక్కు కుమారులపై, కుమార్తెలపై ఉందని మేము మదరసాలో పాఠం చెబుతాము. ఆ ఆయతు మమ్మల్ని ఉద్దేశించింది, ఆమెను కాదు. మేము దాని పుణ్యాన్ని మాత్రం మా ఖాతాలో వేసుకుని, బరువును ఆమె నెత్తిన పెట్టాము.

రాత్రుళ్లు మూడుసార్లు లేచి, పగలంతా పరుగెత్తి, మూడేళ్లలో ఆమెకు రక్తపోటు వచ్చింది. ఒకరోజు వంటింట్లో కూర్చుని, “నేను అమ్మీ చనిపోవాలని అనుకున్నాను, ఒక్క క్షణం. నాకు క్షమాపణ ఉంటుందా?” అని అడిగింది. మాకు నోట మాట రాలేదు. అలసిన మనసులో మెరిసే తలపుకు అల్లాహ్ పట్టడని, నోటితో అననంతవరకు, చేతితో చేయనంతవరకు మనసులోని ఊహలను ఆయన మన్నించాడని హదీసు ఉన్నదని చెప్పాము. ఈ మాట చదువుతున్న సోదరీమణులలో ఎవరికైనా అటువంటి తలపు వచ్చి ఉంటే, అది మీ చెడ్డతనం కాదు. మీకు విశ్రాంతి కావాలన్న కబురు అది.

నీ ప్రభువుకు నీపై హక్కుంది, నీ దేహానికి హక్కుంది, నీ ఇంటివారికి హక్కుంది అని సల్మాన్ (రజి) అబూ దర్దా (రజి)కు హితవు చెబితే, సల్మాన్ నిజం చెప్పాడని దైవప్రవక్త (స) ధ్రువపరిచారు. ఆ రోజు నుండి అస్ర్ మొదలు ఇషా వరకు అమ్మీ బాధ్యత మాది. వుజూ, ఆ తర్వాతి స్నానంలో మా చెల్లెలు సాయం వస్తుంది. మగ్రిబ్ తర్వాతి ట్యూషన్ మానుకున్నాము. నెలకు కొంత రాబడి తగ్గింది. మా ఇల్లాలు వారంలో రెండు సాయంత్రాలు వించిపేటలో అక్కగారింటికి వెళ్లి వస్తుంది. ఆదివారం మా తమ్ముడు గుడివాడ నుండి వస్తాడు. మొదట్లో “నాకు చేతకాదు భయ్యా” అనేవాడు. వాడికీ మూడు పంక్తుల సబఖే ఇచ్చాము. ముందు అన్నం తినిపించడం, తర్వాతి నెల మందులు, ఆ తర్వాత రాత్రి కాపలా. ఇప్పుడు మాకంటే వాడే నేర్పరి.

ఇంకొక అమానత్ గురించి కూడా చెప్పాలి. మతి నిలకడలేని తల్లిదండ్రుల చేత కాగితాలపై వేలిముద్రలు వేయించుకోవడం చట్టం ముందూ చెల్లదు, అల్లాహ్ ముందూ చెల్లదు. ఆస్తి, పెన్షను లెక్కలు తోబుట్టువులందరికీ కనిపించేలా రాసి ఉంచండి. సేవచేసేవారిపై అనుమానం సేవకంటే ఎక్కువ అలసట కలిగిస్తుంది.

మస్జిదు ఏం చేయగలదు?

గోవాలో 2008లో ప్రచురితమైన ఒక అధ్యయనం 81 కుటుంబాలపై జరిగింది. సామాన్య ప్రజలలో నుండి ఎంపికచేసిన వారికి శిక్షణ ఇచ్చి, ఇంటింటికీ పంపి, ఆరు నెలలు సేవకులకు తోడుగా ఉంచారు. ఆ తోడు అందిన ఇళ్లలో సేవకుల మానసిక స్థితి మెరుగుపడింది. పెద్ద ఆసుపత్రి అవసరం రాలేదు. వచ్చి కూర్చుని, విని, మార్గం చెప్పే మనిషి చాలయ్యాడు. అటువంటి మనుషులు ప్రతి జమాఅతులోనూ ఉన్నారు. మహిళల ఇజ్తెమాలో నెలకు ఒకసారి ఈ సేవచేస్తున్నవారిని ఒకచోట కూర్చోబెట్టండి. ఉపన్యాసం వద్దు. స్నానం ఎలా చేయిస్తున్నారో ఒకరికొకరు చెప్పుకోనివ్వండి. పరామర్శకు వెళ్లేవారు “సబర్ చేయండి” అనడానికి బదులు, “గంటసేపు మేము కూర్చుంటాము, మీరు పడుకోండి” అనడం అలవరచుకోవాలి.

1992లో కేరళలో మొదలైన అల్జీమర్స్ అండ్ రిలేటెడ్ డిజార్డర్స్ సొసైటీ ఆఫ్ ఇండియా ఈ కుటుంబాల కోసమే పనిచేస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ‘ఐసపోర్ట్’ పేరిట సేవకుల శిక్షణ గ్రంథాన్ని వెలువరించింది. వృద్ధుల సమస్యలకు 14567, మానసిక ఒత్తిడికి టెలీ మానస్ 14416 అనే ప్రభుత్వ ఫోను నంబర్లు ఉచితంగా పనిచేస్తున్నాయి. ఫోను చేయడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు. ఒంటెను కట్టివేసి ఆ తర్వాత అల్లాహ్‌పై భారం వేయమన్న ప్రవక్త (స) ఉమ్మతీలము మనము.

అమ్మీ ఇప్పుడు మా పేరు మరచిపోయారు. మమ్మల్ని “మౌల్సాబ్” అని పిలుస్తారు, బయటివారిని పిలిచినట్లే. మొదటిసారి ఆ పిలుపు విన్న రాత్రి మాకు నిద్రపట్టలేదు. మొన్న ఆమెకు అన్నం తినిపిస్తుంటే, “మౌల్సాబ్, మీ అమ్మ మిమ్మల్ని బాగా పెంచింది” అన్నారు. మా ఇల్లాలు ముఖం పక్కకు తిప్పుకుంది.

మేము పూర్తిగా మారిపోయామని చెప్పలేము. ఇప్పటికీ వారంలో ఒకటి రెండుసార్లు గొంతులోకి ఆ మాట వస్తుంది. అప్పుడు లేచి వాకిట్లోకి వెళ్లి నీళ్లు తాగి, వుజూ చేసుకుని తిరిగి వస్తాము. అమ్మీ అప్పటికి అడిగిన ప్రశ్న మరచిపోయి ఉంటారు. లేదా మళ్లీ అడుగుతారు. మళ్లీ చెబుతాము.

ఆ ఆయతు వెంటనే వచ్చే ఆయతులో అల్లాహ్ మనకు ఒక దుఆ నేర్పాడు. పసితనంలో తల్లిదండ్రులు మనల్ని దయతో పెంచినట్లే వారిపై దయచూపమని కోరే దుఆ అది. పసితనంలో మనం ఒకే ప్రశ్నను ఎన్నిసార్లు అడిగామో లెక్కపెట్టినవారెవరూ లేరు. అల్లాహ్ మన పెద్దలపై కరుణ కురిపించుగాక! వారికి సేవచేస్తున్న చేతులకు బలాన్ని, ఆ చేతులకు విశ్రాంతినిచ్చే బుద్ధిని మనకు ప్రసాదించుగాక! ఆమీన్.